నేల తగిలిన బంతి

నాకు కోపం ఎక్కువ. ఇన్నేళ్లు డ్రిల్లు సారుగా ఎండలో అరిచినవాడికి గొంతూ కోపమూ రెండూ పెరుగుతాయి. బుద్ధి కూడా పెరగాలన్న నియమమేమీ లేదు. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను. తర్వాత నేను చెప్పబోయేది విని ఎవరూ ఆశ్చర్యపోకూడదు.

బేస్‌బాల్ అంపైర్‌ని అంటే మా అనంతపురంలో జనం నన్ను ఎగాదిగా చూస్తారు. "అదేం ఆటప్పా, క్రికెట్టు మాదిరా?" అని అడుగుతారు. నేను నోరు తెరిచేలోగా శెనక్కాయల ధర మీదికి పోతారు. కానీ మా బడుల్లో ఆ ఆట ఎన్నాళ్లనుంచో ఉంది. ఆడపిల్లలు మరీ బాగా ఆడతారు. చిన్నప్పటినుంచి రాయి విసిరి గొర్రెను మళ్లేసిన చేతులకు బంతి విసరడం ఒకరు నేర్పాల్సిన పని కాదు.

పెద్ద పోటీల్లో అంపైర్లు నలుగురు ఉంటారట. మాకు ఇద్దరు దొరకడమే గొప్ప. ఒకడు బ్యాటర్ పక్కనుండే ప్లేట్ వెనక నిలబడి, క్యాచర్ భుజం మీదుగా వంగి, వచ్చే ప్రతి బంతికీ, కొట్టదగ్గదైతే స్ట్రైకు, కాకుంటే బాలు అని తీర్పు చెప్తాడు. రెండోవాడు బేసుల దగ్గర ఉంటాడు. పరుగుకు చుట్టి రావాల్సిన బేసులు నాలుగు, కళ్లు రెండు జతలు. ఒకడు బంతి వెనక పరిగెత్తితే, వాడు ఖాళీ చేసిన చోటికి రెండోవాడు పోవాలి. ఎవరు ఎటు పోతున్నారో ముందే తెలిసి ఉండాలి. చూసేవాళ్లకు ఇదంతా కనపడదు. ఇద్దరు టోపీలవాళ్లు ఊరికే తిరుగుతున్నట్టుంటుంది.

నా జోడీ నాకంటే నాలుగేళ్లు పెద్ద. ఆయనా డ్రిల్లు సారే, విడపనకల్లు వైపు మనిషి. నేను ఆయన్ని అన్నా అంటాను, ఆయన నన్ను అప్పా అంటాడు. పదేళ్లు కలిసి నిలబడ్డాం. ఆయనది గొర్రెలు కాసిన ఇల్లు. మా సైగలన్నీ సగం పుస్తకంలోవి, సగం వాళ్ల నాయన దగ్గర నేర్చుకున్నవి.

"మా నాయనా, మా చిన్నాయనా మందకు చెరోపక్క ఉండేవాళ్లు," అని మొదటిరోజే చెప్పాడు. "మధ్యలో గుట్ట. అరిస్తే వినపడదు, గాలి ఎత్తకపోతాది. మా నాయన గొంగడి ఎడమ భుజం మీదికి మార్చినాడంటే మా చిన్నాయన ముందుకు నడవాల. ఒకని పక్క ఒకడు చూస్తా ఉండాల. చూడకుంటే మంద పోయి పక్కోని చేన్లో పడతాది. మనమూ అంతే."

మా గాలి సంగతి తెలియనివాళ్లకు ఇది అతిగా అనిపిస్తుంది. ఆషాఢంలో మా మెట్ట మీద నిలబడి పక్కమనిషితో మాట్లాడాలంటే చెవిలో నోరు పెట్టాలి. అందుకే మేం అరవడం మానేశాం. బంతి మధ్యకూ బంతి మధ్యకూ ఒకసారి చూసుకునేవాళ్లం. టోపీ అంచు తాకితే ఎంతమంది అవుటయ్యారో సరిచూసుకుంటున్నట్టు. ఛాతీ మీద అరచెయ్యి పెడితే గాల్లోకి లేచిన బంతి నాది, నువ్వు బేసులు చూసుకో అని. ఇంకొకటి ఉంది. మూడు స్ట్రైకులు పడితే బ్యాటర్ అవుట్, కానీ మూడోదాన్ని క్యాచర్ నేల తగలకుండా పట్టాలి. మూడో స్ట్రైక్ మీద క్యాచర్ బంతిని సరిగ్గా పట్టిందా, నేలకు తగిలాక పట్టిందా అన్నది ఒక్కోసారి ప్లేట్ వెనక ఉన్నవాడికి తెలియదు. క్యాచర్ వీపే అడ్డం. బేసుల దగ్గర ఉన్నవాడికి ఎదురుగా కనిపిస్తుంది. పట్టి ఉంటే పిడికిలి బిగించి నడుము దగ్గర పెట్టేవాడు. నేల తగిలి ఉంటే అరచెయ్యి కిందికి చాపేవాడు. ప్లేట్ వెనకున్నవాడు చేయవలసింది ఒక్కటే, తల ఎత్తి చూడటం.

"కనపడలేదని చెప్పేదానికి సిగ్గేమప్పా?" అనేవాడు. "నోటితో చెప్పొద్దు. నా పక్క చూడు, చాలు. నేను ఈడ ఉండేది దేనికి?"

ఇంకొక కట్టుబాటు కూడా పెట్టుకున్నాం. జనం ముందు ఒకరి తీర్పును ఒకరు కాదనకూడదు. తేడా వస్తే పక్కకు పోయి, వీపు జనం వైపు పెట్టి మాట్లాడుకోవాలి. తిరిగి వచ్చాక ఇద్దరిదీ ఒకటే మాట. ఆ మాట ఎవరిదన్నది మైదానం దాటాక కూడా బయటపెట్టకూడదు.

ఇప్పుడు ఆ రోజు సంగతి చెప్తాను. బుక్కరాయసముద్రం అవతల ఒక బడి మైదానంలో జిల్లా ఆడపిల్లల పోటీల ఆఖరి మ్యాచ్. గెలిచిన జట్టు రాష్ట్రానికి పోతుంది. రాష్ట్రానికి ఆడిన సర్టిఫికెట్ ఉంటే కాలేజీలో సీటుకు పనికొస్తుంది. శ్రావణం వచ్చినా గాలి తగ్గలేదు. చెట్టు కింద బండి ఆపి, ప్యాడ్లు కట్టుకుంటుంటే ఆయన నా పక్కన కూర్చున్నాడు.

"మా అక్క కూతురు ఉండాదప్పా మావోళ్ల జట్టులో," అన్నాడు. "ఈరోజు ఇంకో అంపైరు దొరికింటే నేను తప్పుకునేవాణ్ణి. ఎవరూ దొరకలే. ప్లేట్ నువ్వు తీసుకో. స్ట్రైకులూ బాల్సూ నా చేతిలో ఉండకూడదు. రేపు ఎవరైనా ఒక మాటంటే బాగుండదు."

"నీ గురించి ఎవరన్నా అట్లంటారా అన్నా?" అన్నాను. ఆ మాట అన్న నోరు ఇదే.

ఆట బాగా జరిగింది. ఆఖరి ఇన్నింగ్స్‌లో విడపనకల్లు వైపు జట్టు ఒక్క పరుగు వెనకబడి ఉంది. రెండో బేస్ మీద ఒక పిల్ల, మూడో బేస్ మీద ఒక పిల్ల. జట్టులో ఇద్దరు అప్పటికే అవుటయ్యారు, మూడో అవుట్ పడితే ఆట అయిపోయినట్టే. బ్యాట్ పట్టుకుని వచ్చింది ఆయన మేనకోడలు. పదిహేనేళ్ల పిల్ల, బక్కగా ఉంటుంది, బ్యాట్ ఆమె నడుము దాకా వచ్చేది. రెండు స్ట్రైకులు పడ్డాయి. మూడో బంతి కిందికి దిగుతూ వచ్చింది. పిల్ల బ్యాట్ ఊపింది, తగల్లేదు. సరిగ్గా అప్పుడే గాలి లేచి ఎర్రమట్టి నా జాలీ ముసుగు సందుల్లోంచి కళ్లలో కొట్టింది. నేను కళ్లు మూసుకున్నాను.

కళ్లు తెరిచేసరికి క్యాచర్ గ్లవ్ పైకెత్తి చూపిస్తోంది, అందులో బంతి ఉంది. నేను చెయ్యవలసింది తల ఎత్తి ఆయన్ని చూడటం. అరసెకను పని. చుట్టూ జనం లేచి నిలబడ్డారు, అందరూ నా నోరు చూస్తున్నారు. నేను ఆయన్ని చూడలేదు. "అవుట్!" అని అరిచాను. పదేళ్లుగా ఆ గొంతు గురించి నాకు గర్వం.

పిల్లకు నియమం తెలుసు. మూడో స్ట్రైక్ నేల తగిలితే, క్యాచర్ బంతితో తనను తాకేలోగా బ్యాటర్ మొదటి బేస్‌కు పరిగెత్తవచ్చు. పరిగెత్తింది. అవతలి జట్టు గెలిచామనుకుని కేరింతలు కొడుతూ బంతి గాల్లోకి ఎగరేసింది. బేసుల మీదున్న ఇద్దరూ చుట్టు పూర్తిచేసి ప్లేట్ దగ్గరికి వచ్చేశారు, అంటే రెండు పరుగులు. మొదటి బేస్ దగ్గర నా జోడీ, అక్కడి తీర్పు తనది కాబట్టి, రెండు చేతులూ చాపి "సేఫ్!" అన్నాడు. ఒక మైదానంలో ఇద్దరు అంపైర్లు, రెండు తీర్పులు. నా తల కొట్టేసినట్టయింది.

జనం గోల. కోచ్‌లిద్దరూ నా మీదికి వచ్చారు. వాళ్లను ఆపి, మేమిద్దరం బంతి వేసే పిచ్చర్ నిలబడే చోటికి అవతలగా పోయి వీపులు తిప్పుకుని నిలబడ్డాం.

"నేలకు తగిలిందప్పా," అన్నాడు ఆయన మెల్లగా. "జానెడు ముందే తగిలింది. నేను చెయ్యి కిందికి చాపినా. నువ్వు చూడలే."

అప్పుడు కూడా సరిచేసే దారి ఉంది. పిల్లను మొదటి బేస్ మీద నిలబెట్టి, మిగతా ఇద్దర్నీ వాళ్ల బేసులకు పంపి, ఆట మళ్లీ మొదలుపెట్టవచ్చు. నేను తొందరపడ్డానని ఒప్పుకుంటే చాలు. కానీ అంతమంది ముందు నా అరుపు నేనే మింగాలా? నాకు ఆయన మీదే కోపం వచ్చింది. నన్ను ఇట్లా నిలబెట్టాడే అని.

"నేను చూసినా అన్నా. పట్టింది," అన్నాను. అబద్ధం.

"లేదప్పా, మట్టి లేచింది కూడా..."

"అన్నా, ఆ పిల్ల మీ అక్క కూతురు గదా," అన్నాను.

ఆయన నా మొహం చూశాడు. టోపీ సర్దుకుని, "సరే. నువ్వు ప్లేట్ అంపైరువి," అని వెనక్కి తిరిగాడు. ఆ పిల్ల ఇంకా మొదటి బేస్ మీద కాలు పెట్టి నిలబడి ఉంది. ఆయనే దగ్గరికి పోయి, "అవుటమ్మా, దిగు," అని చెప్పాడు. వాళ్ల కోచ్ అడ్డం పడి, "ముందు నువ్వే గదా సార్ సేఫ్ అన్నావు!" అని అరిస్తే, "ఇద్దరం మాట్లాడుకున్నాం. మాది ఒకటే తీర్పు," అన్నాడు. నేను ముసుగు తీసి నీళ్లు తాగుతున్నాను.

మ్యాచ్ అయ్యాక బండి దగ్గర కూడా ఆయన ఆ సంగతి ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. ఎత్తితే ఏమవుతుందో నాకు తెలుసు. ఇద్దరం సోడా తాగి ఎవరిదారిన వాళ్లం పోయాం.

ఆ తర్వాత ఆయన మ్యాచ్‌లకు రావడం తగ్గించాడు. ఫోన్ చేస్తే, "చేన్లో పనుండాదప్పా," అనేవాడు. తర్వాతి ఏడాది అంపైర్ల జాబితాలో ఆయన పేరు లేదు, తానే తీయించుకున్నాడని చెప్పారు. నేను వేరేవాళ్లతో నిలబడ్డాను. కారణం తెలియదని నన్ను నేను నమ్మించుకున్నాను. మనిషి తనకు తాను చెప్పుకునే అబద్ధాన్ని కాదనే రెండో అంపైర్ ఉండడు గదా.

మూడేళ్ల తర్వాత ఒక కాలేజీ మ్యాచ్‌లో ఆ పిల్ల కనిపించింది. ఎత్తు పెరిగింది. ఎట్లాగో కాలేజీలో చేరి ఆడుతోంది, దానికి నేను దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను. ఆట అయ్యాక నా దగ్గరికి వచ్చి చేతులు కట్టుకుని నిలబడింది.

"సార్, ఒక మాట. మా మామ మా ఇంటికి రాక మూడేండ్లు అయితాండాది," అంది. "మా అమ్మ రానియ్యదు. ఊర్లో అందురూ మామను అన్నారు సార్. మనోడై ఉండి మన పిల్లోళ్ల నోట్లో మన్ను కొట్టినాడని, ముందు సేఫ్ అని మళ్లా మాట మార్చినాడని, అవతలోళ్ల దగ్గర ఏమో తిన్నాడని. మా అమ్మ కూడా నమ్మింది. మామ ఏమీ చెప్పడు. మీరు ఆ రోజు ఆయన పక్కనే ఉండారు గదా సార్. మీరు చెప్తే మా అమ్మ ఇంటాది. మామ తప్పు లేదని ఒక్క మాట చెప్పండి సార్."

ఆ పిల్ల నన్ను సాక్షి అనుకుంటోంది. నా కాళ్ల మీద పడటమొక్కటే తక్కువ. "వస్తానమ్మా," అన్నాను. అనకపోతే ఆ రోజు ఇంటికి పోయి అన్నం తినలేను.

ఆ తర్వాతి ఆదివారం విడపనకల్లు వైపు బస్సు ఎక్కాను. ముందుగా ఆయనకు ఫోన్ చేసి వస్తున్నానని మాత్రమే చెప్పాను. స్టాపు దగ్గర నిలబడి ఉన్నాడు, జుట్టు బాగా నెరిసింది. "ఏమప్పా, ఇంత దూరం?" అని నవ్వాడు. నేను అక్కడే, రోడ్డు పక్కనే చెప్పేశాను. "అన్నా, ఆ రోజు నాకు కనపడలే. కండ్లలో మట్టి పడింది. చూసినానని అబద్ధం చెప్పినా."

"తెలుసు," అన్నాడు. "నువ్వు కండ్లు మూసుకున్యావు. ఎదురుగా నేనే ఉంటినిగదప్పా."

"మరి ఎందుకు చెప్పలే అన్నా? మీ అక్కకైనా?"

"ఇద్దరం కలిసి చెప్పిన తీర్పు అది. నీదీ నాదీ అని మళ్లా పంచుకునేదేముండాది?" అని నడవడం మొదలుపెట్టాడు. ఆ మాటకు నేను ఏడ్చాను. రోడ్డు మీద, యాభై ఏళ్లు దాటిన మనిషిని.

అక్క ఇంటికి రానన్నాడు. నేను వదల్లేదు. "నువ్వు లేకుండా చెప్తే అది చెప్పినట్టు కాదన్నా," అని చెయ్యి పట్టుకుని తీసుకుపోయాను. ఇల్లు దగ్గరపడేకొద్దీ ఆయన వెనకబడ్డాడు. గడప దగ్గర ఆగిపోయాడు. వాళ్లక్క వసారాలో శెనక్కాయలు ఒలుస్తోంది. తమ్ముణ్ణి చూసి ముఖం తిప్పుకుంది. నన్ను చూసి, "కూర్చో సారూ, పాప చెప్పింది," అంది. పిల్ల లోపలినుంచి వచ్చి వాకిలి పట్టుకుని నిలబడింది.

చెప్పాను. గాలి, మట్టి, కళ్లు మూసుకోవడం, చూడకుండా అరవడం, ఆయన చెయ్యి కిందికి చాపితే నేను చూడకపోవడం, పక్కకు పోయాక చూశానని అబద్ధం ఆడటం. "తప్పు నాదమ్మా. మీ తమ్ముడిది కాదు. బంతి నేలకు తగిలింది. ఆయప్ప చెప్పింది నిజం," అన్నాను. చెప్పేశాననుకుని ఊపిరి పీల్చుకున్నాను.

ఆమె చేతిలో కాయ ఒలవడం ఆపింది. చదువుకున్న మనిషి కాదు, ఆట తెలియదు. కానీ ఒక ప్రశ్న వేసింది.

"మావోడు నేలకు తగిలిందని నీతో చెప్పినాడంటివి. నువ్వు పట్టిందంటివి. సరే. మావోడు మొండోడు సారూ. నిజమనుకున్యాది చిన్నప్పుడు మా నాయన కట్టెతో కొట్టినా వదిలేటోడు గాదు. నువ్వు ఒక మాటంటే ఆడ ఎట్ల ఊరుకున్యాడు?"

నేను గడప వైపు చూశాను. ఆయన నేల చూస్తున్నాడు. ఆయన ఒక్క మాటంటే నా పని అయిపోతుంది, అన్నాడని కోప్పడే హక్కు కూడా నాకు లేదు. అయినా అనడు. మూడేళ్లు ఊరంతా ఉమ్మేస్తుంటే దాచినవాడు, అక్క ఎదురుగా కూడా నన్ను దాస్తున్నాడు. "ఏమో అక్కా, అయిపోయింది గదా, వదిలెయ్," అని గొణిగాడు.

నేను కూడా వదిలేయవచ్చు. ఆమె అంతకుమించి అడిగేది కాదు. పిల్ల ముఖంలో అప్పటికే సంతోషం కనిపిస్తోంది.

"నేనొక మాట అన్నానమ్మా," అన్నాను. నా గొంతు నాకే వినపడలేదు, మళ్లీ చెప్పాను. "ఆ పిల్ల మీ అక్క కూతురు గదా అన్నాను. దానికోసమే చెప్తున్నావన్నట్టు. ఆటకు ముందు తనంతట తానే ఆ సంగతి నాకు చెప్పి, ప్లేట్ నాకిచ్చినాడు. నమ్మి చెప్పినదాన్ని తీసుకుని ఆయన నోరు మూయించినా."

పిల్ల ముఖం నా వైపునుంచి వాళ్ల మామ వైపుకు తిరిగింది. ఆమె చాట పక్కకు నెట్టి లేచింది. గడప దగ్గరికి పోయి తమ్ముడి భుజం మీద ఒక దెబ్బ వేసింది, గట్టిగానే.

"నాకు చెప్పకూడదా రా? నేను పరాయిదాన్నా? మూడేండ్లు నిన్ను గడప తొక్కనియ్యకపోతిని గదరా, నా నోరు పడిపోను," అంది. అంటూ ఏడ్చింది. ఆయన, "నువ్వు నమ్ముతావక్కా. ఊరు నమ్మదు. మేనకోడలని సేఫ్ ఇచ్చినాడనే మాట పాప ముందర పడకూడదనుకుంటి," అన్నాడు.

కాసేపటికి ఆమె కొంగుతో ముఖం తుడుచుకుని నా వైపు తిరిగింది. కోపంగా కూడా లేదు.

"వచ్చి చెప్పినావు, ఆ మాత్రమన్నా చేసినావు. నీకు అన్నం పెట్టేంత మనసు నాకు రాల్యా సారూ. నువ్వు ఇంగ పో."

లేచాను. నేను లేవడం చూసి ఆయన కూడా కదిలాడు. నన్ను బస్సు దాకా దిగబెట్టాలని.

"నువ్వు యాడికి రా?" అంది వాళ్లక్క. "కూర్చో. తిందువు."

ఆయన ఒకసారి నన్ను చూసి, కూర్చున్నాడు. నేను ఒక్కణ్ణే చెప్పులు వేసుకుని రోడ్డు మీదికి నడిచాను.